మూడేళ్లు వస్తున్నాయి, మాటలు లేవు, మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడు: థెరపీ ఎక్కడ మొదలుపెట్టాలి?

నంద్యాల అమ్మ
అందరికీ నమస్కారం. మా బాబుకు రెండేళ్ల పది నెలలు. ఏడాదిన్నర వయసులో "అమ్మ", "తాత" అనేవాడు, తర్వాత ఆ రెండు మాటలూ పోయాయి. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి దాని మీద పెడతాడు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు. పక్కింట్లో మిక్సీ వేస్తే మాత్రం చెవులు మూసుకుని మంచం కిందికి దూరతాడు. తిండి అంతా తెల్లటిదే: పెరుగన్నం, ఇడ్లీ, పాలు. పప్పు చుక్క అంటితే ప్లేటు తోసేస్తాడు.

"వాళ్ల నాన్నకీ నాలుగేళ్లకు గానీ మాటలు రాలేదు, మగపిల్లలకు ఆలస్యమే" అంటారు మా అత్తగారు. వస కొమ్ము అరగదీసి నాలుకకు రాయమని చుట్టాలు పోరుతున్నారు. ఒక ప్రైవేటు సెంటర్‌కు తీసుకెళ్తే అరగంట చూసి ఆటిజం అన్నారు. స్పీచ్, ఓటీ (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ), బిహేవియర్ అన్నీ కలిపి నెలకు 26,000, మూడు నెలల డబ్బు ముందే కట్టాలట. థెరపీ జరిగేటప్పుడు మమ్మల్ని లోపలికి రానివ్వరట. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషులోనే మాట్లాడమన్నారు. నాకు వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ముందు ఏం చేయాలో ఎవరైనా చెప్పగలరా?

పిల్లల డాక్టర్, గుంటూరు
అమ్మా, ముందు వినికిడి పరీక్ష చేయించండి. ఓఏఈ, బెరా అని రెండు ఉంటాయి. బెరా నిద్రపోతుండగా చేస్తారు కాబట్టి ఆ రోజు పొద్దున బాబును త్వరగా లేపి, పరీక్ష వేళకు నిద్ర వచ్చేలా చూసుకోండి. మిక్సీ శబ్దానికి భయపడుతున్నాడు కదా, చెవులు బాగానే ఉన్నట్టే అనుకోవద్దు. పెద్ద శబ్దాలు వినిపించి, మాటల్లోని సన్నటి ధ్వనులు వినిపించని పిల్లలు ఉంటారు. ఇది తేలకుండా స్పీచ్ థెరపీ మొదలుపెట్టడం సరికాదు.

ఆగి చూద్దాం అనే మాట మీ విషయంలో కుదరదు. ఏడాదికి వేలు పెట్టి చూపించకపోవడం, 16 నెలలకు ఒక్క మాటా లేకపోవడం, రెండేళ్లకు సొంతంగా రెండు మాటలు కలపకపోవడం, వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు చూపించాలి. వచ్చిన మాటలు పోవడం ఏ వయసులోనైనా వెంటనే చూపించాల్సిన లక్షణం. నాన్నకు ఆలస్యంగా మాటలు వచ్చి ఉండొచ్చు, ఆయనకు వచ్చిన మాటలు మళ్లీ పోయాయా అన్నది అత్తగారిని అడగండి.

అరగంటలో ఆటిజం తేల్చేశారంటే అది అంచనా మాత్రమే. మన దేశంలో ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం అనే 40 అంశాల పరీక్ష ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం పెట్టిన జాతీయ సంస్థే దాన్ని తయారుచేసింది. 1984లో మొదలైన ఆ సంస్థను ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. అక్కడ పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, ఆడించి, మీతో వివరంగా మాట్లాడి చెబుతారు. అయితే ఆటిజమో కాదో తేలేదాకా థెరపీ ఆపక్కర్లేదు, రెండూ కలిసి నడవొచ్చు.

వస వద్దు. దానివల్ల మాటలు రావు, చిన్నపిల్లలకు వాంతులు, మగత వచ్చిన సందర్భాలు ఉన్నాయి. తెల్ల తిండి సంగతి చెప్పారు కాబట్టి ఒకసారి హిమోగ్లోబిన్ కూడా చూపించండి. పాల మీదే బతికే పిల్లల్లో ఐరన్ తగ్గుతుంది.

వరంగల్ నాన్న
చెల్లెమ్మా, ఆ 26,000 ఇప్పుడే కట్టొద్దు. మా పాపకు ఇప్పుడు ఏడేళ్లు, ఈ దారంతా నడిచినవాణ్ణి. ముందు మీ జిల్లాలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలను చిన్నప్పుడే గుర్తించి సాయం చేసే కేంద్రం) ఎక్కడుందో కనుక్కోండి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద జిల్లా స్థాయిలో పెట్టిన కేంద్రం అది. పిల్లల డాక్టరు, ఫిజియో, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు, స్పెషల్ టీచరు ఒకేచోట ఉండాలని దాని ఏర్పాటు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా ఉచితం. మీ అంగన్‌వాడీ టీచరునో, ఏఎన్ఎంనో అడిగితే రిఫరల్ రాసిస్తారు. కొన్నిచోట్ల పోస్టులు ఖాళీగా ఉంటాయి, వెళ్లేముందు స్పీచ్ థెరపిస్టు ఏ రోజుల్లో వస్తారో ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

తల్లిదండ్రులను లోపలికి రానివ్వని సెంటర్ గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. అలాంటిచోట చేర్చొద్దు. మాటలు రాని పిల్లాడు ఇంటికొచ్చి ఏం జరిగిందో చెప్పలేడు. పిల్లాడు ఏడుస్తుంటే కాసేపు బయట కూర్చోమనడం వేరు. అద్దంలోంచి చూసే వీలు కూడా లేదంటే ఒప్పుకోకూడదు.

కడప తాతయ్య
నాకు మనవడు ఉన్నాడు, అందుకే రాస్తున్నాను. మా ఇంట్లో పదిమంది ఉండేవాళ్లం, ఒకరు కాకపోతే ఒకరు పిల్లలతో మాట్లాడేవారు. ఇప్పుడు ముగ్గురే ఉంటారు, పిల్లాడి చేతిలో ఫోన్. మాటలు ఎలా వస్తాయి? ఫోన్ తీసేసి నాలుగు నెలలు అమ్మమ్మ ఊళ్లో ఉంచితే చాలామందికి మాటలు వస్తాయి. వెంటనే ఆటిజం అని ముద్ర వేయడం నాకు నచ్చదు. వర్చువల్ ఆటిజం అని టీవీలో కూడా చెప్పారు.

పిల్లల డాక్టర్, గుంటూరు
తాతయ్య గారూ, ఫోన్ గురించి మీరన్నది నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏడాది లోపు పిల్లలకు తెర అసలు వద్దంది, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించొద్దంది. పదిమంది ఉన్న ఇల్లు పిల్లాడికి మేలు చేస్తుందన్నదీ నిజమే.

కానీ వర్చువల్ ఆటిజం అనేది వైద్యంలో గుర్తించిన జబ్బు కాదు. ఫోన్ వల్ల ఆటిజం వచ్చిందని తల్లులను తప్పుపట్టడానికే ఆ మాట ఎక్కువగా వాడుతున్నారు. బాబును అమ్మమ్మ ఊరు పంపండి, ఫోన్ తీసేయండి, దాంతోపాటు పరీక్షలూ చేయించండి. నాలుగు నెలలు ఆగితే పోయేదేముంది అనుకుంటాం. ఈ వయసులో నాలుగు నెలలు చాలా పెద్ద కాలం.

స్పీచ్ థెరపిస్ట్, విశాఖ
నంద్యాల అమ్మ గారూ, తెలుగు మానేయమన్న సలహా చదివి బాధేసింది. దయచేసి మానొద్దు. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాటలు ఆలస్యం కావు. ఆటిజం ఉన్న పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో కూడా రెండు భాషల వల్ల నష్టం కనిపించలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో మీరు రోజంతా పది ముక్కలు మాట్లాడతారు, అవీ బెరుకుగా. తెలుగులో అయితే స్నానం చేయించేటప్పుడు, అన్నం కలిపేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు మాటలు వాటంతట అవే వస్తాయి. బాబు రేపు మాట్లాడాల్సింది మీ అత్తగారితో, పక్కింటి పిల్లలతో.

ఇంట్లో ఇప్పుడే మొదలుపెట్టగలిగింది ఒకటి చెబుతాను. మా దగ్గరికి వచ్చే తల్లులందరికీ మొదట చేసి చూపించేది ఇదే. మరమరాలో, బాబుకు బాగా ఇష్టమైనది మరేదైనానో మూత గట్టిగా ఉండే చిన్న స్టీలు డబ్బాలో వేసి బాబు చేతికివ్వండి. తీయలేక మీ చెయ్యి లాగుతాడు. అప్పుడు మీరు వెంటనే తీయకుండా కింద కూర్చుని, మీ ముఖం అతని ముఖానికి ఎదురుగా పెట్టి "తీ" అని ఒక్క మాట అనండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. ఈ పది అంకెలు ఆగడమే మనకు చాలా కష్టం, మధ్యలో "చెప్పు నాన్నా, చెప్పు, చెప్పు" అనేస్తాం. అనొద్దు. అతను మీ కళ్లలోకి చూసినా, "ఈ" అని ఏదో శబ్దం చేసినా, డబ్బా మీ వైపు తోసినా అదే జవాబు. వెంటనే "తీ! తీశాం" అంటూ తీసి రెండు గింజలే పెట్టి మళ్లీ మూత పెట్టండి. మాట అంటేనే ఇస్తానని ఏడిపించొద్దు. అడిగితే దొరుకుతుందని నమ్మకం కలగాలి, మాట ఆ నమ్మకం వెనకే వస్తుంది.

తెలుగులో దీనికి మంచి వీలుంది. తే, తీ, దా, పో, ఊపు, ఎత్తు, వద్దు. పసినోటికి అందే చిన్న మాటలు, ప్రతిదాని వెంటా వెంటనే జరిగే పని ఒకటి ఉంది. రంగులు, ఏబీసీడీలు, అంకెలు ఇప్పుడు అక్కర్లేదు. ఉయ్యాల ఊపుతూ హఠాత్తుగా ఆపండి, "ఊపు" అని ఆగండి. ఎత్తుకోమని వచ్చినప్పుడు "ఎత్తు" అని ఆగండి. రోజులో ఇలాంటి సందర్భాలు ఎన్నో దొరుకుతాయి, వారానికి రెండు సెషన్లలో నేను అన్ని ఇవ్వలేను.

చేరే ముందు స్పీచ్ థెరపిస్టు అర్హత అడగండి. బీఏఎస్ఎల్‌పీ అనే డిగ్రీ చదివి, 1992 చట్టం కింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. ఆ నంబరు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. స్పెషల్ టీచర్లకూ అంతే. అడిగితే కోపం తెచ్చుకునేవారి దగ్గర చేర్చకండి.

డాలస్ అమ్మ
మా వాడు ఇక్కడే పుట్టాడు, రెండున్నరేళ్లకు మాటలు లేవు. డేకేర్‌లో "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అన్నారు. మమ్మల్ని చూసిన స్పీచ్ థెరపిస్టు మాత్రం తెలుగు ఆపొద్దని, అంచనా వేసేటప్పుడు తెలుగులో తెలిసిన మాటలు కూడా లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం ఇక్కడ ఉన్న ఐడీఈఏ చట్టంలోనే పిల్లల సొంత భాషలో పరీక్షించాలని ఉంది. మూడేళ్లలోపు ఎర్లీ ఇంటర్వెన్షన్ అనే పసిపిల్లల సేవలు, మూడు నిండాక స్కూల్ డిస్ట్రిక్ట్ ద్వారా థెరపీ, దానికి ఐఈపీ అనే రాతపూర్వక ప్రణాళిక. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, స్కూల్ డిస్ట్రిక్ట్‌కు పరీక్ష కోసం రాతపూర్వకంగా అడగండి. గ్రీన్ కార్డు లేకపోతే ఇవ్వరేమోనని చాలామంది భయపడి అడగరు. వీసాతో దానికి సంబంధం లేదు.

మా వాడి మొదటి మాట "పద". బయటికి వెళ్దామని.

ఓటీ, సికింద్రాబాద్
సెన్సరీ విషయం ఎవరూ వివరంగా రాయలేదు కాబట్టి రాస్తున్నాను. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును.

సెన్సరీ ఇంటిగ్రేషన్ అనే పద్ధతికి పునాది వేసింది అమెరికా ఓటీ జీన్ ఏయర్స్. శబ్దం, స్పర్శ, కదలిక, రుచి, వీటిని మెదడు కలిపి అర్థం చేసుకోవడంలో తేడా ఉంటే పిల్లలు ఇలా ప్రవర్తిస్తారని ఆమె చెప్పారు. సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్ అని కొందరు రిపోర్టులో రాసిస్తారు. మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే అమెరికా గ్రంథం డీఎస్ఎం-5 2013లో వచ్చింది, అందులో అది విడి జబ్బుగా లేదు. శబ్దానికి, స్పర్శకు ఎక్కువగా లేదా తక్కువగా స్పందించడం ఆటిజం లక్షణాల్లో ఒకటిగా చేర్చారు. నేను చేసేది ఈ పనే అయినా ఒకటి చెప్పాలి: ఉయ్యాల, బంతుల తొట్టి, రంగు లైట్లు ఉన్న గది చూసి మోసపోకండి. "ఇది చేస్తే మా బాబు ఇంట్లో ఏ పని తేలిగ్గా చేయగలడు? ఎప్పటికి తేడా కనిపించాలి?" అని అడగండి. జవాబు ఉండాలి. మూడు నెలలకు ఏ తేడా లేకపోతే పద్ధతి మార్చాలి.

మిక్సీ: శబ్దం అతనికి నిజంగానే నొప్పిగా ఉంటుంది, మొండితనం కాదు. మీ ఇంట్లో వేసేముందు జార్ చూపించి "మిక్సీ" అని చెప్పండి, అతను పక్క గదికి వెళ్లేదాకా ఆగండి. కొన్నాళ్లకు మీ చేతి మీద అతని చెయ్యి ఉంచి స్విచ్ అతనితోనే వేయించి, ఒక్క క్షణంలో ఆపేయండి. ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో తన చేతిలో ఉంటే భయం తగ్గుతుంది. పెళ్లి బాజాలకు, దీపావళికి చెవులకు పెట్టుకునే ఇయర్ మఫ్స్ కొనండి.

తిండి: పెరుగన్నంలో పప్పు దాచి పెట్టొద్దు. కనిపెడితే పెరుగన్నం కూడా మానేస్తాడు, అప్పుడు మనకు మిగిలేది పాలే. పక్కన వేరే చిన్న గిన్నెలో ఒక మెతుకంత పప్పన్నం పెట్టండి, తినమనొద్దు. ముట్టుకుంటే చాలు, వాసన చూస్తే చాలు. మార్పు తెలుపులోనే మొదలుపెట్టండి: ఇడ్లీ తింటాడు కాబట్టి మెత్తటి దోసె, తర్వాత కాస్త ఎర్రగా కాలిన దోసె.

చేతులకు పని: చపాతీ పిండి పిసకడం, కందిపప్పు డబ్బాలో చేతులు పెట్టి దాచిన గవ్వ వెతకడం (నోట్లో పెట్టుకోకుండా పక్కనే ఉండండి), నీళ్ల సీసా మోయడం. ఖరీదైన సామాను అక్కర్లేదు.

భవిత టీచర్, పాలమూరు
నేను ఐఈఆర్‌పీగా, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సాయపడే టీచరుగా పనిచేస్తున్నాను. తెలంగాణ, ఆంధ్ర రెండుచోట్లా సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. స్పెషల్ టీచరు ఉంటారు, ఫిజియోథెరపీ శిబిరం రోజు వేరే ఉంటుంది, కదల్లేని పిల్లలకు ఇంటికి వెళ్లి చెబుతాం. బడి వయసు రాకముందే వచ్చి పేరు ఇవ్వండి, మా దగ్గర ఆడుకుంటే బడికి వెళ్లేటప్పుడు కొత్త ఉండదు. అంగన్‌వాడీ కూడా మానిపించొద్దు. తోటి పిల్లల మధ్య నేర్చుకునేది గదిలో ఒక్కణ్ణే కూర్చోబెడితే రాదు.

రాజమండ్రి అక్క
మా చెల్లెలి కొడుక్కి ఆటిజం, స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్ ఇస్తే మాటలొస్తాయని ఒకచోట లక్షల్లో చెప్పారు. పొలం అమ్మడానికి సిద్ధపడుతున్నారు. దీని గురించి తెలిస్తే చెప్పండి ప్లీజ్.

పిల్లల డాక్టర్, గుంటూరు
అమ్మొద్దని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి అమ్మా. దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం స్టెమ్ సెల్ చికిత్సకు అనుమతి కొన్ని రక్త సంబంధ జబ్బుల్లాంటి వాటికే, ఆటిజానికి లేదు. ఒంట్లోంచి లోహాలు తీసేస్తామనే మందులు, ఆక్సిజన్ గదులు కూడా అంతే. వీటిలో ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. ఆ పొలం డబ్బుతో ఒక మంచి స్పీచ్ థెరపిస్టు దగ్గర ఏళ్లపాటు నడుస్తుంది.

రాజమండ్రి అక్క
ఇప్పుడే మాట్లాడాను. మీ పోస్టు చదివి వినిపించాను. చాలా థాంక్స్ సార్.

వరంగల్ నాన్న
కాగితాల సంగతి కూడా రాస్తున్నాను, ఆలస్యం చేస్తే ఏళ్లు పోతాయి. ఆటిజం ఖాయమైతే సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌కు స్లాట్ బుక్ చేసుకుని, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు తీసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు గుర్తించారు, ఆటిజం, మాట-భాష లోపం అందులో ఉన్నాయి. చిన్నపిల్లలకు తాత్కాలికంగా ఇస్తారు, గడువు తేదీ చూసుకుని మళ్లీ చేయించాలి. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉండి, మిగతా షరతులకు సరిపోతే ఆంధ్రాలో పింఛను నెలకు 6,000, మాకు తెలంగాణలో 4,016.

నిరామయ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇచ్చే బీమా ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకు ఏడాదికి లక్ష వరకు. ఓపీ థెరపీ ఖర్చుకు కూడా కొంత వస్తుంది, బిల్లులన్నీ దాచండి. జీతగాళ్లు పాత పన్ను విధానంలో ఉంటే ఇలాంటి పిల్లల పోషణకు ఆదాయపు పన్నులో (1961 చట్టంలో 80డీడీ సెక్షన్) 75,000, వైకల్యం 80 శాతం, అంతకు మించి ఉంటే 1,25,000 మినహాయింపు. ఆటిజానికి దీని కోసం డాక్టరు ఇచ్చే నిర్ణీత ఫారం (1961 చట్టం కింద 10-ఐఏ) కావాలి.

సర్టిఫికెట్ తీసుకుంటే పెళ్లి కాదని, ముద్ర పడుతుందని మా ఇంట్లోనూ గొడవ జరిగింది. కార్డు మన బీరువాలో ఉంటుంది, అవసరమైనచోటే చూపిస్తాం.

అనంతపురం నాన్న
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మా పాపకు ఆరేళ్లు, ఆటిజం సర్టిఫికెట్ ఉంది. "మా దగ్గర ఇలాంటి పిల్లలకు టీచర్లు లేరు" అని రెండు స్కూళ్లు పంపించేశాయి. ఏం చేయాలి?

నంద్యాల అమ్మ
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మూడు వారాలుగా రాయలేదు, తిరుగుడే సరిపోయింది. బెరాలో వినికిడి మామూలుగానే ఉంది. హిమోగ్లోబిన్ తక్కువ, మందు రాశారు. డీఈఐసీలో పేరు రాయించాం, స్పీచ్ మేడం వారంలో రెండు రోజులు వస్తున్నారు, నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని చేయిస్తున్నారు. ఎన్ఐఈపీఐడీకి వచ్చే నెల వెళ్తున్నాం. ఆ సెంటర్‌లో డబ్బు కట్టలేదు.

మరమరాల డబ్బా ఆట మా అత్తగారే ఆడిస్తున్నారు. నాకంటే ఆవిడకే ఓపిక ఎక్కువ. "తీ" ఇంకా అనలేదు గానీ డబ్బా ఇచ్చి ఆవిడ ముఖంలోకి చూస్తున్నాడు.

ఇంకో సందేహం. మూడో ఏడు నిండకముందే తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించాలని మొక్కు. తల తాకితేనే అరుస్తాడు. కల్యాణకట్టలో ఆ జనంలో ఎలా?

ఓటీ, సికింద్రాబాద్
ఇప్పటి నుంచే అలవాటు చేయండి. రోజూ స్నానానికి ముందు తల మీద అరచేత్తో గట్టిగా, నిదానంగా అదమండి. తేలిగ్గా తాకితే చక్కిలిగింతలా చిరాకు పుడుతుంది, గట్టి ఒత్తిడి చాలామంది పిల్లలకు నచ్చుతుంది. తర్వాత తల తడిపి చెంచా వెనక భాగంతో నెమ్మదిగా గీయండి. వాళ్ల నాన్న క్షవరం చేయించుకుంటుంటే చూపించండి. ఆ రోజు జనం తక్కువ ఉన్న వేళ వెళ్లి, వాళ్ల నాన్న ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చోవాలి, మెడ చుట్టూ మెత్తటి తువ్వాలు ఉండాలి, వెంట్రుక ముక్కలు ఒంటి మీద పడితే తట్టుకోలేడు. అప్పటికీ సిద్ధంగా లేకపోతే వాయిదా వేయండి.

కడప తాతయ్య
వాయిదా వేయమ్మా. అయిదో ఏట కూడా తీస్తారు. పసివాణ్ణి ఏడిపించి తీర్చమని స్వామి అడగడు. మనవణ్ణి మేమూ వినికిడి పరీక్షకు తీసుకెళ్తున్నాం, బుధవారం రమ్మన్నారు.

భవిత టీచర్, పాలమూరు
అనంతపురం నాన్న గారూ, మీ ప్రశ్న కింద పడిపోయింది. 2016 చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడీ వైకల్యం కారణంగా పిల్లలను కాదనకూడదు. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు దగ్గర్లోని బడిలో ఉచిత విద్య హక్కు 31వ సెక్షన్‌లో ఉంది. ఆ స్కూళ్లకు దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, కాదంటే ఆ కారణం కాగితం మీద రాసిమ్మనండి. చాలామంది అక్కడే తగ్గుతారు. తగ్గకపోతే ఎంఈఓకు, జిల్లా సహిత విద్య కోఆర్డినేటర్‌కు ఫిర్యాదు, ఆ పైన రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు. మీ మండలంలోని ఐఈఆర్‌పీని వెంట తీసుకెళ్లండి, పాపకు తరగతిలో ఎలాంటి సాయం కావాలో వాళ్లు హెడ్మాస్టరుకు చెప్పగలరు. మీ మండలం పేరు నాకు మెసేజ్ పెట్టండి, అక్కడ ఎవరున్నారో కనుక్కుని చెబుతాను.